మూతబడిన బౌలింగ్ సెంటర్‌ను మళ్ళీ తెరవాలంటే వెనుక నుంచి మొదలుపెట్టండి

బౌలింగ్ అంటే ఇక్కడ క్రికెట్ కాదు, లేన్ అనే పొడవాటి చెక్క బాట మీద బరువైన బాల్ దొర్లించి చివరనున్న పది పిన్నులను పడగొట్టే ఆట. మూతబడిన బౌలింగ్ సెంటర్‌ను కొనే ఉద్దేశంతో చూడటానికి వెళ్ళేటప్పుడు మంచి టార్చిలైటు, రసమట్టం, మాసినా ఫరవాలేదనుకునే బట్టలు వెంట ఉంచుకోండి. వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్ళండి. అమ్మేవాళ్ళు ముందు తలుపు తీసి కౌంటరు, బారు, రంగు దీపాలు చూపిస్తారు. వాటిని తరువాత చూడవచ్చు. లేన్ల పక్కనున్న సన్నటి దారి పట్టుకుని నేరుగా వెనక్కి నడవండి. పడ్డ పిన్నులను మళ్ళీ నిలబెట్టే పిన్ సెట్టర్ యంత్రాల వెనుక నిలబడి ముందు పైకప్పును, తరువాత యంత్రాలను చూడండి. ఆ తరువాత వంగి లేన్ల కిందికి టార్చి వేయండి. కొనాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

నేను మిషిగన్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు మెయింటెనెన్స్ విభాగంలో పనిచేశాను. మా ఊళ్ళో పదహారు లేన్ల సెంటర్ ఒకటి మూతబడి రెండు చలికాలాలు గడిచాక నేను, నా భార్య కలిసి దాన్ని కొన్నాం. బాగుచేసి తెరవడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటి నుంచి మనవాళ్ళు తరచూ ఫోన్ చేస్తున్నారు. వాళ్ళలో చాలామందికి మోటళ్ళు, పెట్రోలు బంకులు నడిపిన అనుభవం ఉంది. "అన్నయ్యా, లెక్కలన్నీ వేసుకున్నాం. రంగులు వేయించి, కొత్త కుర్చీలు కొనేస్తే తెరిచేయవచ్చు కదా?" అని మొన్న ఒహాయో నుంచి ఒక తమ్ముడు అడిగాడు. తెరవలేవని చెప్పాను. ఎందుకో అతనికి గంటసేపు వివరించాను. అదే ఇక్కడ ఇంకొంచెం విడమరిచి రాస్తున్నాను.

పైకప్పు

బౌలర్ దాటకూడని గీత అయిన ఫౌల్ లైన్ నుంచి ముందు పిన్ వరకు దూరం 60 అడుగులు. పిన్నులు నిలబడే చోటు కూడా కలిపితే దాదాపు 63 అడుగులు. దానికి ముందు బౌలర్ అడుగులు వేసుకుంటూ వచ్చే అప్రోచ్ కనీసం 15 అడుగులు ఉండాలి. వెనుక యంత్రం, మెకానిక్ తిరిగే దారి, ముందు కుర్చీలు అన్నీ లెక్కేస్తే వంద అడుగుల చుట్టూ తేలుతుంది. లేన్ల మీద ఎక్కడా స్తంభం ఉండటానికి వీల్లేదు. అంటే అంత మేరా పైకప్పు మధ్యలో ఆసరా లేకుండా ట్రస్సుల (పైకప్పును మోసే చట్రాల) మీదే నిలబడాలి. పాత సెంటర్లలో చాలాచోట్ల ఇవి విల్లులా వంగిన కొయ్య ట్రస్సులు. వాటి మీద ఏటా మంచు బరువు పడుతూ వచ్చింది. కాబట్టి మామూలుగా ఇళ్ళు తనిఖీ చేసే మనిషి సరిపోడు. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి, ప్రతి ట్రస్సునూ అతుకుల దగ్గర చూసి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వమనండి. ఆ నివేదిక చేతికి వచ్చేదాకా బయానా ఇవ్వకండి.

మేము ఇంజినీరును పిలిచాం, ట్రస్సులు బాగున్నాయన్నాడు. పొరపాటు పైకప్పు పై పొర దగ్గర జరిగింది. పైకప్పు పనిచేసే కాంట్రాక్టరు ఒకాయన అతుకులు వేస్తే ఇంకో ఐదేళ్ళు ఆగుతుందన్నాడు. డబ్బు మిగులుతుందని ఒప్పుకున్నాం. మార్చిలో మంచు కరిగినప్పుడు నీళ్ళు అతుకు పక్క నుంచి దిగి 11, 12 లేన్ల మీద పడ్డాయి. రాత్రి ఎవరూ చూడలేదు. పొద్దున వెళ్ళేసరికి పైన్ చెక్కలు అన్నంలా ఉబ్బి అంచులు లేచి ఉన్నాయి. పైకప్పు మొత్తం మార్పించక తప్పలేదు. మొదటే ఆ పని చేసి ఉంటే రెండు లేన్లు దక్కేవి. మీ దగ్గర ఉన్న సొమ్ములో మొదటి చెక్కు పైకప్పుకే రాయండి.

ఈ పనులకు ముందే పూర్తి చేసుకోవలసినవి రెండున్నాయి. తొమ్మిది అంగుళాల చదరపు నేల పలకలు కనిపిస్తే వాటిలోనూ, వాటి కింది జిగురులోనూ ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష చేయించకుండా ఒక్క పలక కూడా పీకకండి. రెండోది, సెంటర్ ఎంతకాలం మూసి ఉందో నగర కార్యాలయంలో చెప్పి, ఆ స్థలంలో మళ్ళీ బౌలింగ్ నడపడానికి అనుమతి ఇంకా ఉందా అని అడగండి. పాత కట్టడాలకు ఇచ్చిన మినహాయింపులు చాలాకాలం మూసి ఉంచితే పోతాయి. మద్యం లైసెన్సు బదిలీ చేయించుకోవాలంటే మిషిగన్‌లో మద్యం నియంత్రణ కమిషన్‌కు దరఖాస్తు చేయాలి. దానికి నెలలు పడుతుంది కాబట్టి కొన్న వారంలోనే మొదలుపెట్టండి.

లేన్లు

చెక్క లేన్ ఎలా కట్టారో తెలిస్తే దాని మీద గౌరవం కలుగుతుంది. వెడల్పు 41.5 అంగుళాలు. అందులో 39 సన్నటి చెక్కలు నిలువుగా అంచు మీద నిలబెట్టి ఒకదానికొకటి మేకులతో బిగించి ఉంటాయి. బాల్ వచ్చి పడే మొదటి పదిహేను అడుగుల్లోనూ, పిన్నులు నిలబడే చోటా గట్టిదైన మేపుల్ వాడారు. బాల్ దొర్లుతూ పోయే మధ్య భాగానికి మెత్తటి పైన్ సరిపోతుంది. ఈ రెండు చెక్కలూ కలిసే చోట వేళ్ళు వేళ్ళలో దూర్చినట్టు ఒక దాంట్లోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో తడిమితే అతుకు తెలియకూడదు. తెలిసిందంటే చెక్క కదిలిందన్నమాట.

కొన్న వెంటనే కొలతలు తీయకండి, చెక్కను గీయించకండి. రెండేళ్ళు వేడి లేకుండా మూసి ఉన్న కట్టడంలో చెక్క చలికి ముడుచుకుని, ఎండాకాలం తేమకు ఉబ్బి, తన ఇష్టం వచ్చినట్టు ఉంటుంది. ముందు హీటింగ్, ఏసీ బాగుచేయించండి. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండేలా చూసి కొన్ని వారాలు ఆగండి. మేము ఆరు వారాలు ఆగాం. ఆ ఆరు వారాల్లోనే కొన్ని లేన్లలో చెక్కల మధ్య కనిపించిన సందులు వాటంతటవే మూసుకున్నాయి.

తరువాత మట్టం. అమెరికాలో ఈ ఆటకు నియమాలు పెట్టే సంస్థ యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్. లేన్ అడ్డంగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు 40 వేల వంతుల అంగుళం కన్నా ఎక్కువ తేడా ఉండకూడదని నియమం. అంటే సుమారు ఒక మిల్లీమీటరు. లీగులు, అంటే జట్లుగా చేరి వారం వారం ఆడే పోటీలు, ఆడించాలంటే ఏటా తనిఖీ చేసి ధ్రువీకరిస్తారు. మేము కొలిచిన పద్ధతి ఇది. లేన్‌కు అడ్డంగా వంపులేని ఇనుప బద్ద పెట్టి దాని మీద రసమట్టం ఉంచాను. బుడగ ఎటు పోతే దానికి ఎదుటి వైపు బద్ద కింద మందం గుర్తించి ఉన్న సన్నటి ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటే దూర్చాను. బుడగ మధ్యకు వచ్చినప్పుడు కింద ఉన్న రేకుల మందమే తేడా. ప్రతి అడుగుకూ ఒక కొలత. అరవై అడుగులకు అరవై, పదహారు లేన్లకు తొమ్మిది వందల అరవై. నేను అంకె చెబుతుంటే నా భార్య గళ్ళ నోటు పుస్తకంలో రాసింది. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు ఆ పుస్తకం తెరిచి చూస్తే 3వ లేన్ నలభై అడుగుల దగ్గర ఎడమకు వాలి ఉందని, 14వది మధ్యలో పళ్ళెంలా దిగిందని కళ్ళకు కట్టింది. ఈ పని డబ్బిచ్చి చేయించవచ్చు. అయినా ఒక్కసారైనా మీరే చేయండి. ఆ తరువాత మీ సెంటర్‌లో ఏ బౌలరైనా వచ్చి "ఈ లేన్ మీద బాల్ పక్కకు పోతోంది" అంటే ఆయన దేని గురించి చెబుతున్నాడో మీకు తెలుస్తుంది.

దిగిన చోట కింది దూలాల దగ్గర పలుచటి చెక్క బిళ్ళలు చొప్పించి లేన్‌ను లేపాలి. మట్టం కుదిరాక ఉపరితలం సంగతి చూడాలి. చెక్కను గీసి కొత్త పూత వేయించిన ప్రతిసారీ మందం తగ్గుతుంది. గీసి గీసి ఒకనాటికి లోపలి మేకులు పైకి కనిపిస్తాయి. మా మూడు లేన్లలో మేకులు తేలి ఉన్నాయి. ఇక గీయడానికి లేదు. అలాంటప్పుడు పాత చెక్క మీదనే సింథటిక్ పలకలు పరుస్తారు. మూడింటికే పరిచి మిగతావి చెక్కగా వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది కానీ లీగు ఆటగాడు 5వ లేన్ నుంచి 6కు మారగానే బాల్ నడక మారిపోతుంది. అందుకని పదహారింటికీ పరిచాం. ఒక సంగతి గుర్తుంచుకోండి. పలక తన కిందిదాని ఆకారమే తీసుకుంటుంది. మట్టం సరిచేయకుండా పలకలు పరిస్తే వంకర పైకి కొత్త చొక్కా తొడిగినట్టే.

వెనుక గదిలో పాత లక్క పూత డబ్బాలు కనిపిస్తే మూత తీయకండి. ఒకప్పటి లేన్ పూతలు ఇట్టే అంటుకునేవి. వాటితో పనిచేస్తుండగా బౌలింగ్ సెంటర్లు తగలబడిన సంఘటనలు అనేకం. ప్రమాదకర వ్యర్థాలు తీసుకువెళ్ళేవాళ్ళకు అప్పగించండి.

యంత్రాలు

1946లో ఏఎంఎఫ్ సంస్థ బఫెలో నగరంలో మొదటిసారి ఆటోమేటిక్ పిన్ సెట్టర్‌ను నలుగురికీ చూపించింది. అప్పటిదాకా కుర్రాళ్ళు లేన్ చివర గట్టు మీద కూర్చుని, పడ్డ పిన్నులను చేత్తో నిలబెట్టేవారు. 1950ల్లో యంత్రాలు వ్యాపించాయి. ఊరూరా సెంటర్లు లేచాయి. మా దాంట్లో ఉన్నవి బ్రన్స్‌విక్ ఏ-2 రకం. ఆ తరం యంత్రాలు నేటికీ ఎన్నో సెంటర్లలో తిరుగుతున్నాయి. పడ్డ పిన్నులను కింది పట్టా వెనక్కి మోసుకుపోతుంది. పెద్ద చక్రం ఒకటి వాటిని పైకెత్తుతుంది. పైన గుండ్రటి బుట్ట పదీ నిండే వరకు తిరిగి, పిన్నులను లేన్ మీద నిలబెట్టే కింది డెక్‌లోకి వదులుతుంది. నిలిచి ఉన్న పిన్ మెడను డెక్‌లోని కత్తెరలు పట్టి పైకెత్తుతాయి. ఈలోగా చీపురు కర్ర పడినవాటిని ఊడ్చేస్తుంది.

మా నాన్నగారు తెనాలి దగ్గర రైస్ మిల్లులో ఫిట్టరు. గుమ్మంలో నిలబడి బెల్టుల చప్పుడు విని ఏ బేరింగ్ ఎండిందో చెప్పేవారు. పిన్ సెట్టర్ల వెనుక మొదటిసారి నిలబడినప్పుడు నాకు ఆ మిల్లే గుర్తుకు వచ్చింది. అలా చెవితో చెప్పగల మనిషి మీ సెంటర్‌కు కూడా ఒకరు ఉండే ఉంటారు. సెంటర్ మూతబడ్డాక ఇంట్లో కూర్చున్న పాత మెకానిక్ ఆయన. ఆయనను వెతికి పట్టుకోండి. మా పెద్దాయనకు డెబ్బై మూడేళ్ళు. మొదట రానన్నారు. వారానికి మూడు పూటలు, బరువు ఎత్తే పని లేకుండా, నాకూ ఒక కుర్రాడికీ నేర్పడానికి ఒప్పుకున్నారు. వచ్చిన మొదటి రోజు వెనుక గోడ దగ్గరికి తీసుకువెళ్ళి చూపించారు. ప్రతి యంత్రం వెనుకా గోడ మీద పెన్సిలుతో తేదీలున్నాయి. ఎప్పుడు బెల్టు మార్చారు, ఎప్పుడు గేర్‌బాక్సు విప్పారు, ఏ భాగం ఏ యంత్రం నుంచి తీసి దేనికి వేశారు అన్నీ ఆయన చేతి రాతలోనే. మరో రెండు రోజుల్లో ఆ గోడకు రంగు వేయించాలని మేము మనిషిని మాట్లాడి ఉన్నాం. ఆపించేశాం. మీరు కూడా వెనుక గోడల మీది రాతలన్నిటినీ ఫొటోలు తీసుకుని భద్రపరచండి, రంగు వేయించకండి.

ఒకేసారి అన్ని యంత్రాలూ విప్పకండి. ఒకటి తీసుకోండి, పిన్నులన్నీ ఖాళీ చేయండి, ఏళ్ళనాటి గ్రీజు గీకి తుడవండి, బెల్టులు మార్చండి, వైరింగు చూడండి, వంద ఫ్రేములు (ఫ్రేము అంటే ఆటలో ఒకరి వంతు, ఒక్కో ఆటకు పది) నడపండి. అది కుదిరాకే రెండోది. మూతబడుతున్న ఇతర సెంటర్ల నుంచి విడిభాగాలు కొని నిలవ పెట్టుకోండి. ఒక్కో యంత్రంలో ఇరవైకి పైగా పిన్నులు తిరుగుతాయి. పదహారింటికి మూడు వందల ఇరవై దాటతాయి. ప్లాస్టిక్ పూత పగిలినవి పక్కన పడేయండి. యంత్రాన్ని ఇరికించేవి ఎక్కువగా అవే.

ఇంకొక మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోకుండా యంత్రంలోకి చెయ్యి పెట్టకూడదు. ఇరుక్కున్న ఒక్క పిన్‌ను లాగడానికైనా సరే. లోపల పనిచేసే ప్రతి మనిషికీ సొంత తాళం ఇవ్వండి. రద్దీ రాత్రి కస్టమరు కేకలు వేస్తున్నా ఈ నియమం సడలించవద్దు.

తాడు యంత్రాలు పెట్టుకోవచ్చా అని అందరూ అడుగుతారు. వాటిలో ప్రతి పిన్ తలకూ తాడు ఉంటుంది, పడ్డ పిన్‌ను తాడే పైకి లాగుతుంది. కరెంటు తక్కువ, మరమ్మతు సులువు, ప్రత్యేక మెకానిక్ అక్కరలేదు. 2023లో బౌలింగ్ కాంగ్రెస్ వాటిని గుర్తించింది కానీ వేరే విభాగంగా గుర్తించింది. పిన్నులు పడే తీరులో తేడా ఉంది కాబట్టి. పుట్టినరోజు పార్టీలు, పిల్లలు, కుటుంబాలే మీ ఆదరువు అయితే, చుట్టుపక్కల మెకానిక్ దొరకకపోతే, తాడు యంత్రాలే మంచివి. లీగుల మీద బతకాలనుకుంటే మాత్రం ఆ ఆటగాళ్ళను అడగకుండా పాతవి పీకేయకండి. మా ఊరివాళ్ళు స్పష్టంగా వద్దన్నారు.

రంగులకు ముందు మనుషులు

లీగులు ఇక్కడ సెప్టెంబరు మొదట్లో, లేబర్ డే పండుగ అటూ ఇటూగా మొదలై ఏప్రిల్ దాకా నడుస్తాయి. వచ్చే ఏడాది ఎక్కడ ఆడాలన్నది ఆ వసంతంలోనే మాట్లాడుకుంటారు. అంటే మీరు ఆగస్టులో తెరిచినా లీగు కార్యదర్శులను మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కలిసి ఉండాలి. సెంటర్ మూతబడినప్పుడు వాళ్ళందరూ చెల్లాచెదురై వేరే సెంటర్లకు వెళ్ళిపోయి ఉంటారు. ఆ సెంటర్లకు వెళ్ళి పిలవకండి, అది మర్యాద కాదు. ఫోన్ చేసి, పని జరుగుతున్న మీ కట్టడానికే రమ్మనండి.

మంగళవారం ఉదయం ఆడే పెద్దవాళ్ళ లీగు కార్యదర్శి ఒకావిడ వచ్చారు. మేము ఆవిడకు గోడ మీద రాబోయే దీపాల బొమ్మలు చూపించాం. ఆవిడ అవి చూసి ఊరుకుని, కుర్చీల దగ్గర నుంచి అప్రోచ్ మీదికి ఎక్కే మెట్టు దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. ఇక్కడ పట్టుకోవడానికి కమ్మీ లేక తమ లీగులో ఇద్దరు ఆట మానేశారని చెప్పారు. దీపాల డబ్బుతో ప్రతి రెండు లేన్లకు ఒక కమ్మీ పెట్టించాం, చక్రాల కుర్చీ వచ్చేలా ఒక వైపు వాలు కట్టించాం. ఆ లీగు నలభై మందితో తిరిగి వచ్చింది. హైస్కూలు జట్లను కూడా కలవండి. మిషిగన్‌లో బౌలింగ్ పాఠశాలల అధికారిక క్రీడల్లో ఒకటి. వాళ్ళు సాధన చేసేది మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు, సరిగ్గా మీ లేన్లు ఖాళీగా ఉండే వేళ.

ముందు భాగం గురించి తక్కువే చెబుతాను. బాల్స్ 6 పౌండ్ల నుంచి 16 పౌండ్ల వరకు ఉండాలి. మన కుటుంబాల్లో మొదటిసారి ఆడేవాళ్ళకు 8, 10 పౌండ్లవే చేతికి వస్తాయి, అవి ఎక్కువ కొనండి. పిల్లలకు బాల్ పక్క కాలువలో పడకుండా ఆపే గట్టర్ అడ్డాలు, బాల్ దొర్లించే చట్రాలు తప్పనిసరి. అద్దె బూట్ల అడుగున తోలు జారడానికే ఉంటుంది. అది తడిస్తే నేలకు అంటుకుని మనిషి ముందుకు పడిపోతాడు. అందుకని మంచు కాలంలో బయటి బూట్లను అప్రోచ్ దాకా రానివ్వకండి. తలుపు దగ్గరే పెద్ద పట్టాలు పరిచి బూట్లు మార్చుకునే బల్లలు వేయండి. వంటగదికి ఆరోగ్య శాఖ అనుమతి, పాటలు వేయడానికి వాటి హక్కులు చూసే ఆస్క్యాప్, బీఎంఐ సంస్థల లైసెన్సులు తీసుకోండి. మా దగ్గర పిజ్జా, చికెన్ రెక్కలతో పాటు శుక్రవారం మిరపకాయ బజ్జీలు వేస్తాం. లీగువాళ్ళే ముందుగా అడిగి పెట్టించుకుంటున్నారు.

తెరవడానికి ముందు

ప్రకటన వేయడానికి రెండు వారాల ముందు మూడు రాత్రులు ఉచితంగా ఆడించండి. ఒక్కో లేన్‌కు ఐదుగురి చొప్పున ఎనభై మంది, ఒక్కొక్కరికి మూడు ఆటలు, అంటే రాత్రికి 2400 ఫ్రేములు. ఆ సమయంలోనే వంటగదిలో నూనె మూకుళ్ళు, ఏసీ, దీపాలు, యంత్రాలు అన్నీ కలిపి నడపండి. మా మొదటి రాత్రి ఏడున్నరకు ఒక ఫ్యూజు పోయి ఆరు లేన్లు ఆగాయి. అసలు ప్రారంభం రోజున అలా జరగకుండా ముందే బయటపడటం మంచిదైంది. వెనుక ఒక మనిషిని కాగితం, పెన్సిలుతో కూర్చోబెట్టండి. ఏ యంత్రం ఎన్ని ఫ్రేములకు ఆగింది, ఎందుకు ఆగింది రాయమనండి. మొదటి రాత్రి మాకు ముప్పై ఒక్కసార్లు ఆగాయి. మూడో రాత్రికి తొమ్మిది.

లేన్ల మీద నూనె సంగతి కూడా ఆ రాత్రుల్లోనే కుదుర్చుకోవాలి. ఒకప్పుడు చెక్క పూతను కాపాడటానికి మొదలైన నూనె ఇప్పుడు ఆటలో భాగమైంది. మామూలు ఆటకు మొదటి 40 అడుగుల చుట్టూ వేస్తారు, మధ్య చెక్కల మీద ఎక్కువ, అంచుల మీద తక్కువ. మిగతా 20 అడుగులు పొడిగా ఉంటాయి, బాల్ అక్కడ పట్టు దొరికించుకుని పిన్నుల వైపు తిరుగుతుంది. బౌలర్లు ఇచ్చే సలహాలు వినండి కానీ రోజుకో రకంగా మార్చకండి.

లీగు రాత్రి సాధన బాల్స్ ఆరున్నరకు మొదలవుతాయి. పదహారు లేన్లు తుడిచి నూనె వేయడానికి మా యంత్రానికి నలభై నిమిషాలు పడుతుంది. కాబట్టి ఐదున్నరకల్లా దాన్ని 1వ లేన్ మీద పెట్టాలి. పెద్దాయన ఆ వేళకు ముందే వచ్చి, దీపాలు వేయకుండా వెనుక దారిలో ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడిచి వెళతారు. ఖాళీగా తిరుగుతున్న యంత్రాలను వింటూ, పెన్సిలు చెవి మీద పెట్టుకుని.